వెనక అద్దం

"మనవాణ్ణి పొద్దున రైల్వే ప్లాట్‌ఫారం మీద పొడిచేశారు," అన్నాడు చీఫ్, బిస్కెట్ టీలో ముంచుతూ. "చచ్చేముందు ఒక్క ముక్క చెప్పాడు. ఇవాళ టెస్ట్‌లో లేజర్ ఇంజినీర్ కళ్లు పోగొడతారట. ఎవరు, ఎలా అన్నది చెప్పకుండానే పోయాడు. పని సగంలో వదిలేయడం మనవాళ్లకి అలవాటేగా!"

బిస్కెట్ విరిగి టీలో పడింది. చీఫ్ మొహంలో అప్పుడు కనిపించింది అసలైన బాధ.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుకి ఒళ్లు మండింది. ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే నిలబడతాడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'పిల్లి' అంటారు. ఆ లేజర్ ఇంజినీర్ అతని సొంత అక్క.

"టెస్ట్ ఆపేయండి సార్."

"మంత్రిగారొస్తున్నారయ్యా. ఆయన్ని ఆపే దమ్ము నాకుందా, నీకుందా?"

"కనీసం అక్కకి చెప్పనివ్వండి."

"చెప్తే గొడుగు ముఠా తప్పించుకుంటుంది. ముఠా దొరకాలి, నాకు మెడల్ రావాలి. ల్యాబ్‌లో నెమలి ఉంది. కోడ్‌వర్డ్ చెప్పి మనిషెవరో కనుక్కో."

గొడుగు ముఠా పరాయి దేశపు గూఢచారుల గుంపు. ఆ లేజర్ తయారీ తెలిసిన బుర్ర ఒక్కటే ఉందని, ఆ బుర్రకి కళ్లు లేకుండా చేస్తే చాలని వాళ్ల లెక్క. నెమలి డబుల్ ఏజెంట్. ఇటు మనకీ, అటు వాళ్లకీ పనిచేస్తున్నానంటుంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఆమె దగ్గర్లో ఉంటే మన ఆఫీసర్లకి మెదడు చొంగ రూపంలో కారిపోతుంది.

టెక్నికల్ సెక్షన్ వాళ్లు ఏ యంత్రాన్నయినా ఆపేసే పెన్ను ఒకటిచ్చారు. మారువేషం మాత్రం పిల్లి తనే చూసుకున్నాడు. ఇంట్లో వాళ్ల దృష్టిలో అతను మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేసుకునే చిరుద్యోగి. అదే యూనిఫాం తొడుక్కుని, భుజాన సిలిండర్ పెట్టుకుని లేజర్ ల్యాబ్‌కి వెళ్లాడు.

తెల్లకోటు, నీలం టోపీలో ఉన్న అక్క అతన్ని చూడగానే మొహం చిట్లించింది. "ఇవాళే దొరికిందిట్రా నీకు? సరే, తగలడు. అడ్డం రాకు."

"నువ్వెక్కడ నిలబడతావక్కా?"

"వెనక అద్దం పక్కన. మీటర్ చూడాలి."

"ప్రమాదం కాదూ?"

"ప్రమాదమంతా ముందువైపురా మొద్దూ! ఇవి బ్రాగ్ అద్దాలు. వీటికి వెండి పూతా ఉండదు, గిండి పూతా ఉండదు. రెండు రకాల పదార్థాలు మార్చి మార్చి, పొర మీద పొర. ఒక్కో పొర మందం దానిలో నడిచే వెలుగు అల పొడవులో పావు వంతు. ఒక్కో పొర కాస్త వెలుగునే తిప్పికొడుతుంది కానీ, తిరిగొచ్చేవన్నీ ఒకే తాళంలో అడుగేస్తాయి. అన్నీ కలిస్తే అది గోడే. వెనకదానికి పొరలెక్కువ, ముందుదానికి తక్కువ. వెలుగు రెంటి మధ్యా అటూ ఇటూ కొట్టుకుని, బలిసి, పొరలు తక్కువున్న వైపు నుంచి బయటికి దూకుతుంది. వెనక్కి వచ్చేది పిసరంత. ఎక్కిందా? ఎక్కదులే. పో."

ఇంతలో డైరెక్టర్ వచ్చాడు. మంత్రిగారి కాఫీలో చక్కెర వెయ్యాలో వద్దో తేలడం లేదట. దాని కోసం దేశంలో ఉన్న ఒకే ఒక్క లేజర్ నిపుణురాలిని లాక్కుపోయాడు.

వరండాలో నెమలి నిలబడి ఉంది. బయట మాడు పగిలే ఎండ.

"ఈ వాన ఆగేలా లేదండీ," అన్నాడు పిల్లి, సిగ్గుతో చస్తూ. కోడ్‌వర్డ్ రాసినవాడికి బుద్ధి ఉంటేగా!

"గొడుగు మర్చిపోయాను," అంది నెమలి. తర్వాత పెదవి కదపకుండా, "స్టోర్‌కీపర్. జేబులో రిమోట్ ఉంది."

పిల్లి పరుగెత్తుకెళ్లి స్టోర్‌కీపర్‌ని గోడకి అదిమిపెట్టాడు. జేబులో నిజంగానే రిమోట్ దొరికింది.

"అయ్యో, అది మా టీవీదండీ!" అన్నాడతను ఏడుపు మొహంతో. "పిల్లలు పరీక్షలకి చదవట్లేదని రోజూ నాతో తెచ్చేసుకుంటాను."

పిల్లికి అర్థమైపోయింది. నెమలి తనని కావాలనే ఇటు తోలింది. వెనక్కి పరుగెత్తి, ల్యాబ్ గాజు కిటికీలోంచి లోపలికి చూశాడు.

అద్దాల కంపెనీ నుంచి నెమలి వెంటబెట్టుకొచ్చిన నిపుణుడు టేబుల్ దగ్గర ఒంటరిగా ఉన్నాడు. వెనక స్టాండులో కూర్చున్న అద్దాన్ని చూశాడు. దాని మీద వేలిముద్ర పడ్డట్టుంది. తన కళ్లజోడు తుడుచుకున్నంత తాపీగా "హా" అని నోటి ఆవిరి ఊది, జేబురుమాలుతో రుద్దాడు.

ఆ అద్దాలతో ఒక్క రోజు పనిచేసినవాడైనా వాటి మీద ఊపిరి పడనివ్వడు, రుమాలు అసలే తాకనివ్వడు. అక్క ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఆ సోదే. వీడు నిపుణుడూ కాడు, వాడి మొహమూ కాదు. అద్దాలు రెండూ ఒకే సైజు, ఒకే రంగు. తుడవడానికి తీసినా మళ్లీ అదే చోట సరిగ్గా కూర్చునేలా స్టాండ్లున్నాయి. అక్క నిలబడేది వెనక కాబట్టి ముందుది వెనకా, వెనకది ముందూ పెట్టేశాడు వెధవ! ఇక వెలుగంతా వెనక్కే వస్తుంది. ల్యాబ్‌లో అక్క పెట్టుకునే రక్షణ కళ్లజోడు అటూ ఇటూ చిందే వెలుగుని ఆపుతుంది గానీ, నేరుగా వచ్చేదాన్ని ఆపలేదు.

అప్పటికే అవతలి తలుపులోంచి నెమలితో సహా అంతా లోపలికొచ్చేశారు. అక్క వెనక అద్దం పక్కన మీటర్ మీదికి వంగింది. మంత్రిగారు ఫొటోకి నవ్వుతూ బటన్ మీద బొటనవేలు పెట్టారు. పిల్లి గాజు మీద బాదాడు. వినిపించలేదు. పెన్ను నొక్కాడు. ఏ యంత్రాన్నయినా ఆపేసే ఆ పెన్ను అరచేతినిండా సిరా కక్కింది.

"మీ సెక్షన్ తగలబడ!" అని తిట్టి, భుజంతో తలుపు తోసుకుని లోపల పడ్డాడు. టేబుల్ కుదుపు తగలకుండా గాలి నింపిన కాళ్ల మీద తేలుతోంది. పడుకునే, ఆ కాళ్లకి గాలి పంపే గొట్టాన్ని ఫెడీమని తన్నాడు. గొట్టం ఊడింది. టేబుల్ ఒక మూల దబ్బున కూలబడింది. స్టాండ్లు వాలిపోయాయి. ఎదురెదురుగా ఉండాల్సిన అద్దాలు పెడమొహాలు పెట్టాయి. అదే క్షణంలో మంత్రిగారు బటన్ నొక్కారు.

ఏమీ రాలేదు. వెలుగు కొట్టుకోవడానికి అద్దాలు కుదరకపోతే లేజర్ ఎక్కణ్ణించి పుడుతుంది?

"ఏదీ?" అన్నారు మంత్రిగారు. డైరెక్టర్‌కి చెమటలు పట్టాయి.

నిపుణుడూ, నెమలీ తలుపు వైపు జారుకోబోయారు. పిల్లి సిలిండర్ పిన్ను లాగి ఇద్దరి మీదా పొడి కొట్టాడు. పట్టుచీర పిండిబస్తాలా తయారైంది.

"నేను మీదాన్నే!" అని దగ్గింది నెమలి.

"వారంలో ఏ రోజుల్లో?" అన్నాడు పిల్లి. గార్డులు ఇద్దర్నీ ఈడ్చుకుపోయారు.

అక్క వెనక స్టాండులోని అద్దాన్ని అంచులు పట్టుకుని తీసింది. అంచు మీద తను పెట్టిన గుర్తు చూసింది. అది ముందు ఉండాల్సిన అద్దం. ఒక్క క్షణం ఆమె మొహం పాలిపోయింది. పిల్లి నేల మీదే చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మరుక్షణం అక్క టేబుల్ వంక చూసింది.

"నెల్లాళ్లు కూర్చుని కుదిర్చానురా! టేబుల్ మీద చెయ్యి వెయ్యొద్దని గోడ మీద అంతంత అక్షరాలతో రాశాను, కనబడలేదూ?"

"చెయ్యి వెయ్యలేదక్కా. తన్నానంతే."

అక్క గుడ్లురిమి చూసింది. ఉరమడానికి గుడ్లు మిగిలాయి, ఇక ఎంతసేపు ఉరిమితే ఏంలే అనుకున్నాడు పిల్లి.