తడి లేని కొత్తిమీర

"నీళ్లు చల్లని కొత్తిమీర ఉందా?"

బోధన్ అంగడిలో ఆకుకూరలమ్మే గంగుబాయి ఇలా అడిగిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఎవరైనా నీళ్లు చల్లేదే ఆకు తాజాగా కనబడాలని. ఈ రామ్‌దాస్‌కు మాత్రం పొద్దున కోసిన ఆకే కావాలి, దాని మీద చుక్క తడి ఉండకూడదు. పైగా ముల్లంగి దుంపలు వదిలేసి ఆకులు పట్టుకుపోతాడు!

చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే గుమాస్తా. ఒంటిగాడు. పోయిన వారమే అతని మేనత్త వచ్చి గంగుబాయిని అతనికి చేసుకుంటామని అడిగింది. ఆదివారం మాట చెబుతానన్నాడు ఆమె తండ్రి పోశయ్య. మనిషి నచ్చాడు, నవ్వు మరీ నచ్చింది. అందుకే గంగుబాయికి గుబులు.

"ఇంట్ల ఎంతమంది తింటరు?" ఆరా తీసింది.

"నేనొక్కన్నే."

"ఒక్కనికి ఇన్ని కట్టలా? మేకవా ఏంది?"

రామ్‌దాస్ నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. సంచి మూతి బిగించుకుని గబగబా వెళ్లిపోయాడు.

సందేహం లేదు, ఇంట్లో ఎవతెనో దాచాడు!

శుక్రవారం అతనికి సెలవు. మెంతికూర అమ్మే వంకతో గంగుబాయి అతని ఇంటికే పోయింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల రామ్‌దాస్ బతిమాలుతున్నాడు.

"తిను బంగారం. అలిగినవా? నిన్న తడాకు పెట్టిన, తప్పయింది. ఆదివారం గామె బాపు ఊఁ అంటే నిన్నేడ దాచాలె?"

గంగుబాయికి ఒళ్లు మండింది. తలుపు తోసింది.

"ఎవతె అది?"

రామ్‌దాస్ ఒడిలో తెల్ల కుందేలు. ఇంకొకటి మంచం కింద కూర్చుని ముల్లంగి ఆకు నములుతోంది.

"ఫ్యాక్టరీ కట్టిన తెల్లదొర తన దేశం పోతూ ఇచ్చిపోయిండు," రామ్‌దాస్ నీళ్లు నమిలాడు. "తడాకు తింటే వీటికి కడుపుబ్బుతది."

"గిది దాచుడెందుకు?"

"మీ బాపు తోట సుట్టూ కుందేళ్లకు ఉచ్చులు పెడ్తడు గద. వీటిని సాకేటోనికి పిల్లనిస్తడా?"

నిజమే, ఇవ్వడు. గంగుబాయి గంప దించి తేరిపార చూసింది. నవ్వొచ్చింది గానీ గుబులు ఇంకా తీరలేదు.

"బాపు వద్దంటే వీటిని ఇడుస్తవా, నన్ను ఇడుస్తవా?"

"వీటికి నేను తప్ప దిక్కులేదు," అన్నాడు రామ్‌దాస్ మెల్లగా. "నిన్నిడిస్తే నాకు దిక్కులేదు. దాచుడు తప్పే. మీ బాపుకు నేనే సూపిస్త."

ఆ మాటతో గంగుబాయి మనసు అతనిదైపోయింది.

ఆదివారం పొద్దున్నే రామ్‌దాస్ గంపతో తోటకొచ్చాడు. మూత తీయగానే పోశయ్య కట్టె అందుకున్నాడు. గంగుబాయి అడ్డం నిలబడింది.

"ఆగు బాపు! రోజూ మన ఆకంత కొంటున్నది వీటికే."

పోశయ్య కట్టె దించాడు. కుందేళ్లనూ, గంపకు చేతులడ్డం పెట్టిన రామ్‌దాస్‌నూ ఎగాదిగా చూశాడు.

"దొంగతనంగ మేసేటియే సూసిన గని, కొనుక్కొని తినేటియి గిప్పుడే సూస్తున్న," అన్నాడు. "మీ అత్తను రమ్మను పిలగా. లగ్గం మాట్లాడుకుందాం."