ఇరవై నిమిషాలు కదలకూడదు

మా అత్తగారు మంగతాయారు గారికి ఒక నియమం ఉంది. మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్న సంగతి గడప దాటకూడదు. దిష్టి తగులుతుందట. ఇలాంటివి వింటే నాకు నవ్వొచ్చేది. కానీ మొదటిసారి మా స్కూల్లో టీచర్లందరికీ స్వీట్లు పంచిన పదో రోజునే కడుపు పోయింది. అందుకని ఈసారి నోరు మూసుకున్నాను.

భయం మాత్రం ఊరుకోలేదు. గుండెదడ, అరచేతుల్లో చెమటలు, రాత్రంతా జాగారం. మాత్రలు వేసుకోవడానికి లేదు. మందు లేకుండా సూదులతోనే ఆందోళన తగ్గిస్తారని ఎవరో అంటే, మా గుడివాడలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని బస్సెక్కి బందరు వెళ్లాను.

క్లినిక్ ఒక పాత పెంకుటింట్లో ఉంది. ఆక్యుపంక్చర్ చేసే సులోచన గారు నెమ్మదైన మనిషి. నా మణికట్టుకి రెండంగుళాల పైన బొటనవేలితో నొక్కి, "గాభరా పుట్టినప్పుడల్లా ఇక్కడ నొక్కుకోండమ్మా" అన్నారు. నిజంగానే ఊపిరి తేలికైంది. తర్వాత మామూలుగా అడిగారు.

"నెల తప్పలేదు కదా?"

"లేదండీ" అన్నాను. అత్తగారు పక్కనే నిలబడి వింటున్నట్టు ఆ మాట దానంతటదే వచ్చేసింది.

రెండు చేతులకీ, రెండు కాళ్లకీ, నుదుటికీ సూదులు గుచ్చారు. పెద్దగా నొప్పి లేదు. "ఇరవై నిమిషాలు కదలకండి భవిత గారూ, సూది వంగిపోతుంది" అని తెర లాగి, తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

మధ్యాహ్నం మూడవుతోంది. గదిలో స్పిరిట్ వాసన. పెంకుల మీద వాన మొదలైంది. కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. ఎదురుగోడకి మనిషి బొమ్మ ఉన్న చార్టు వేలాడుతోంది. ఆ బొమ్మ మీద నాలుగు ఎర్ర చుక్కలు. కింద రాసింది మసక వెలుతురులో కూడబలుక్కుని చదివాను.

'గర్భిణులకు ఇక్కడ సూది వేయరాదు.'

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. చీలమండకి కాస్త పైన. ఆ నాలుగు చోట్లా నాకు సూదులున్నాయి.

"సులోచన గారూ!"

వాన హోరులో నా గొంతు నాకే వినపడలేదు. లేద్దామంటే చేతులు కదల్లేదు... కాళ్లూ కదల్లేదు. నన్ను మంచానికి మేకులతో దిగ్గొట్టేసినట్టుంది.

తెర అవతల మంచం కిర్రుమంది.

నేను వచ్చినప్పుడు ఆ మంచం ఖాళీగా ఉంది.

"నువ్వూ లేదనే చెప్పావా?" ఆడగొంతు. గుసగుసగా. "నేనూ అలాగే చెప్పాను... మా అత్తకి భయపడి."

తడిమట్టి వాసన వచ్చింది. తెర కిందనుంచి ఒక చెయ్యి... నా మణికట్టు మీదకి పాకింది. సరిగ్గా ఆ రెండంగుళాల చోటే నొక్కింది. ఎంత చల్లగా ఉందో!

"భయపడకు. నీ బిడ్డ పోదు. సూదులు నేను తీసేస్తా."

"తియ్యమ్మా... నీకు పుణ్యముంటుంది."

"మరి నా బిడ్డకి చోటిస్తావా?"

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. నా బిడ్డ దక్కితే చాలు. ఏడుస్తూనే "ఇస్తాను" అన్నాను.

ఒక్కొక్క సూదీ... దానంతటదే... ఊడింది.

సులోచన గారు వచ్చేసరికి సూదులన్నీ స్టీలు పళ్లెంలో వరసగా ఉన్నాయి. మీరే పీకేసుకున్నారా అని కోప్పడ్డారు. పక్క మంచం మీద దుప్పటి మడత కూడా నలగలేదు. ఆ రాత్రి సిగ్గులేకుండా హాయిగా నిద్రపోయాను.

మొన్న స్కానింగుకి వెళ్లాను. డాక్టరమ్మ నవ్వుతూ, "కవలలమ్మా! పోయినసారి ఒక్కటే కనిపించిందే" అంది. మొదటి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. టకటకా, గట్టిగా. సంతోషంతో ఏడ్చేశాను. తర్వాత పొట్ట మీది స్కానింగు పరికరాన్ని రెండోదాని వైపు జరిపింది. గదంతా నిశ్శబ్దం. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"దీనికి గుండె కొట్టుకోవడం లేదమ్మా" అంది మెల్లగా.

స్క్రీనుకి మరింత దగ్గరగా వంగింది.

"మరి... కదులుతోందేంటి?"