కొత్త స్టీరియోలో గొంతు

మా తోడల్లుడి అపార్ట్‌మెంట్ కింద, సెల్లార్‌లో, చివరి స్తంభం పక్కన కారు పెట్టే చోటు ఒకటుంది చూశారూ — అది మంచిది కాదని పేరు. ఎవరో ఒకావిడ అక్కడే కారులో ఇరుక్కుపోయి, తలుపు రాక, ఊపిరాడక పోయిందట. ఇప్పటికీ తలుపు తియ్యమని అడుగుతుందట. అందుకే ఆ చోటు ఎవరూ తీసుకోలేదు. మావాడు తీసుకున్నాడు. అలాంటివి నమ్మడు మరి... పగలు.

నిన్న పొద్దున కారుతో వచ్చిన పాత స్టీరియో పీకేసి, పెద్ద తెర ఉన్న కొత్తది తనే బిగించాడు. మెకానిక్ ఎందుకు, వీడియో చూశానన్నాడు. తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగ ఒకటి, ఎప్పుడూ కరెంటుండే తీగ ఒకటి — రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేశాడు. పాటలొస్తున్నాయో లేదోనని మా మరదలి ఫోనుకి కలిపి చూశాడు. వచ్చాయి. పొంగిపోయాడు.

సాయంత్రం మరదలు కంగారుగా వచ్చింది.

"ఏమండీ, అమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. మోగీ మోగగానే ఆగిపోతోంది. నేను హలో అంటే చప్పుడే లేదు. ఒక్కతే ఉంది, ఏమైందో ఏమో... మీరు కారు తియ్యండి, నేను తాళమేసి వస్తా."

దిగాడు. సెల్లారంతా చీకటి. వాళ్ళ కారు లోపల మాత్రం — నీలంగా వెలుతురు.

తాళం చూస్తే తన చేతిలోనే ఉంది...

ధైర్యం చేసి ఎక్కి కూర్చున్నాడు. తలుపు పడింది. ఎవరో ఊపిరి పీల్చారు.

"తలుపు తియ్యండి..."

ఆడగొంతు. బావిలోంచి వచ్చినట్టుంది.

"చీకటిగా ఉంది... ఎవరైనా ఉన్నారా..."

మావాడు స్టీరింగుకే దండం పెట్టి, గుసగుసగా — "అమ్మా... తల్లీ... పిల్లలు గలవాణ్ణి. నన్నొదిలెయ్. కావాలంటే మా అత్తగారున్నారు... పెద్దావిడ... రెండు వీధులవతలే. ఆవిడ్ని పట్టుకో."



తర్వాత, నింపాదిగా — "అల్లుడుగారూ... నేనే. బాత్రూం గడియ ఇరుక్కుపోయింది. బల్బు కూడా పోయింది."

ఏముంది, ఆ తీగల పుణ్యమా అని స్టీరియో ఆగనే లేదు. కారుకి సరిగ్గా పైనే మావాడి ఇల్లు, బ్లూటూత్ అందుతూనే ఉంది. మరదలికొచ్చిన ఫోన్లన్నీ కారే ఎత్తుతోంది.

మరదల్ని ఎక్కించుకుని వెళ్ళి, సుత్తితో బాత్రూం గడియ పగలగొట్టాడు. అత్తగారు బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, మావాణ్ణి పైనుంచి కిందదాకా చూసి, కూతురివైపు తిరిగారు.

"ముందెవరొస్తారా అని చూస్తున్నానే... దెయ్యమో, మీ ఆయనో."