ఎడమ పెడల్

"తుప్పు గీకి కొత్త రంగు కొట్టేద్దామండీ. పెళ్లికూతురిలా మెరిసిపోతుంది," అన్నాడు మెకానిక్.

"మా పెద్దమ్మ సైకిల్‌కి సంబంధాలేమీ చూడటం లేదు. తొక్కితే కదలాలి, అంతే. రంగు జోలికి వెళ్లారో, మీకూ నాకూ పడదు!" అంది సైకిల్ తెచ్చిన అమ్మాయి.

ఆ అమ్మాయి ప్రూఫ్‌రీడర్. తప్పును ఉపేక్షించడం ఆమెకు చేతకాదు. తనను పెంచిన పెద్దమ్మ, ఉద్యోగం మానిన నాటినుంచి గడప దాటడమే మానేసింది. ఆమెను మళ్లీ వీధిలో చూడాలన్నదే ఈ అమ్మాయి కోరిక.

కాలం పెట్టిన ప్రతి గుర్తునూ మచ్చగా భావించి, దానిమీద రంగు పులమడాన్నే బాగుచేయడంగా చెలామణి చేసే లోకం ఇది. ఆ దౌష్ట్యానికి గురై ఎన్ని మంచి వస్తువులు తమ ముఖాలు కోల్పోయాయో! మెకానిక్ మాత్రం ఆమె మాట మన్నించాడు. కంటికి కనబడని చోట ముందుగా నూనెగుడ్డతో రుద్ది చూశాడు. తుప్పు కింద పాత ఆకుపచ్చ, దాని అంచున సన్నని బంగారు గీత బయటపడ్డాయి. వెంటనే ఫోన్ చేశాడు.

ఆ తర్వాత ఫోన్లకు కారణాలు క్రమంగా బలహీనపడ్డాయి.

"బెల్ మోగుతోందండీ. వచ్చి వినండి."

"ఫోన్లో వినిపించకూడదా?"

"ఫోన్లో ఆ తీపి రాదండీ."

ఆమె వచ్చేది. విని, "పరవాలేదు," అని ముఖం తిప్పుకుని నవ్వేది.

పని పూర్తయిన రోజున పెద్దమ్మను తీసుకొచ్చింది. పెద్దమ్మ బంగారు గీతను వేలితో తడిమి, సీటెక్కింది. ఎడమకాలు పెడల్‌కు అందలేదు. దిగిపోయింది.

"వయసైపోయిందే. ఇంటికి పోదాం పద."

మెకానిక్ ముఖం పాలిపోయింది. "అమ్మా, ఎడమ పెడల్‌కి ఓ చెక్క బిగించి ఉండేది. ఎవరిదో అతుకుల పని అనుకుని తీసి పారేశాను."

"అది అతుకు కాదు నాయనా, నా కాల్లో తక్కువైన ముక్క."

అమ్మాయి నిర్ఘాంతపోయింది. "మరి మోకాళ్ల నొప్పి అనేదానివిగా!"

"అలా అంటే ఇంకెవరూ ఏమీ అడగరు. ఊరందరి తప్పులూ పడతావు, నా నడక చూశావుటే ఎప్పుడైనా?"

మెకానిక్‌ను దులిపేయడానికి సిద్ధంగా ఉన్న అమ్మాయి, వంగి పెద్దమ్మ పాదాల వంక చూసింది.

"సీటు దించితే కుడి మోకాలు ఇరుక్కుంటుంది. కొత్త చెక్క చేస్తాను. ఒక్కసారి మళ్లీ ఎక్కండమ్మా," అన్నాడతను.

మోకాళ్లమీద కూర్చుని, పాదానికీ పెడల్‌కూ నడుమ ఎడం కొలిచి, చెక్క కోశాడు. అమ్మాయి గరుకు కాగితంతో అంచులు నునుపు చేసింది.

"నేనూ చూసుకోలేదు," అంది తల ఎత్తకుండా. "తప్పు మీ ఒక్కరిదే కాదు."

"సగం మీరు తీసుకుంటే నాకు తేలికేనండీ."

పెద్దమ్మ తొక్కింది. మొదట వణికి, ఆపై నిటారుగా, వీధి మలుపు తిరిగింది.

"ఇక ఫోన్ చేయడానికి సాకేమీ మిగల్లేదండీ," అన్నాడతను.

"సాకు లేకుండా చేయండి."

"చేస్తే?"

"వస్తాను. మీరంటే ఇష్టం కనక వస్తాను. ఇంకా విడమరచి చెప్పాలా?"

అంతలో పెద్దమ్మ తిరిగొచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసింది. బ్రేకు వేయలేదు.

"నేనింకో చుట్టు వేసొస్తానర్రా," అంటూ ముందుకు సాగిపోయింది. "ఈసారి కాస్త దూరంగా!"