ఐసు గది అవతలి తాడు

చీకటి పడ్డాక ఐసు గది దాటొద్దని మా దగ్గర దిగిన ప్రతివాళ్లకీ చెప్పేదాన్ని. సముద్రం ఒడ్డున ఒకప్పుడు చేపలకి ఐసు దాచిన పాత గది అది, కప్పు కూలిపోయింది. దాని అవతల రాత్రిళ్లు ఎవరో వల లాగుతున్నట్టు కేకలు... వెళ్లి చూస్తే నరమానవుడుండడు. వింటారా? సెలవులకొచ్చినవాళ్లకి చెవులుంటాయి గానీ మాట ఎక్కదు.

అద్దెగదులు నేనూ మా అక్కా చూసుకుంటాం. అక్క మొగుడు, మా బావ, చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. "వస్తాడు" అంటుంది అక్క. మేమెవరం కాదనం.

పోయిన సెలవుల్లో ఓ బ్యాంకాయన దిగాడు. "ఇక్కడ చెయ్యడానికేముందండీ?" అని నా ప్రాణం తోడేశాడు.

"ఏముంటుందండీ? ఇసకలో నడవండి, పడవెక్కండి. పొద్దున్నే వల లాగుతారు, మీరూ వెళ్లి తాడు పట్టండి" అన్నాను. మా ఊళ్లో ఎవరైనా పట్టొచ్చు. ఒక్కటే కట్టుబాటు — వల ఒడ్డెక్కేదాకా వదలకూడదు.

వెళ్లాడు, లాగాడు. అరచేతులు బొబ్బలెక్కినా తెగ మురిసిపోయాడు. ఆ మురిపెమే కొంప ముంచింది.

ఆ రాత్రి నిద్రపట్టక నడుస్తూ నడుస్తూ ఐసు గది దాటాడట. చీకట్లో కేకలు — "లాగూ... లాగూ..." మనుషులు లేరు. ఇసక మీంచి నీళ్లలోకి ఓ తాడు మాత్రం బిగిసి ఉంది. మన మొనగాడికి పొద్దుటి సరదా తీరలేదు గదా... పట్టుకున్నాడు.

లాగాడు. కదిలింది. ఇంకా లాగాడు. అప్పుడు తెలిసిందట — కేకలు ఒడ్డు మీంచి కాదు, నీళ్లలోంచి వస్తున్నాయని.

అలల అవతల ఎవరో ఆయాసపడుతూ అన్నారట. "వ... వ... వదలొద్దు."

వదిలేశాడు. పరుగో పరుగు.

తెల్లారి వసారాలో వణుకుతూ ఇదంతా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. "రాత్రి ఏం తాగారేంటి?" అన్నాను. కాఫీ తెచ్చిన అక్క నవ్వలేదు.

"ఆ మాట ఎలా అన్నాడు బాబూ?"

"తడబడుతూ... వ... వ... అని..."

అక్క గ్లాసులు కింద పెట్టేసింది. మా బావకి నత్తి. మొదటి అక్షరం దాటడానికి నానా తంటాలు పడేవాడు.

"ఎందుకు వదిలావు బాబూ?" అంది అక్క.

ఆ రాత్రి మెలకువొచ్చి చూస్తే పక్కన అక్క లేదు. ఒక్కదాన్నే పరిగెత్తాను. బుద్ధెరిగాక ఎన్నడూ దాటనిదాన్ని, ఐసు గది దాటాను.

మోకాళ్లలోతు నీళ్లలో అక్క. వెనక్కి వాలి లాగుతోంది. చేతుల్లో తాడు.

"అక్కా, వదిలెయ్యవే! నీకు దణ్ణం పెడతా, ఇంటికి రావే!"

"నిలబడి చూస్తావేంటే... పట్టు!"

దాని నడుం రెండు చేతులా చుట్టి ఒడ్డుకి ఈడ్చాను. రాలేదు. నీళ్లు తొడలదాకా వచ్చాయి. ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలీలేదు. భయంతో నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు... చీకట్లోంచి... ఎవరో ఆయాసంలోనే నవ్వారు.

"మ... మ... మరదలు పిల్లా... న... నువ్వూ వచ్చావా?"

అక్క నడుం వదిలేసి తాడు పట్టుకున్నాను.