పొగ ఆగిన బండి

రోడ్డు పక్క గాలికాపరి కంబం ఎర్రదీపం వెలిగించేసరికి ఓబులేసు పికప్ బండి రోడ్డు మధ్యలోనే చతికిలపడింది. వెనక వస్తున్న కరెంటు బండ్లు చప్పుడు లేకుండా పక్కకు తప్పుకొని పోయాయి. వాటిలో డ్రైవర్లు లేరు, కాబట్టి తిట్టేవాళ్లూ లేరు. ఓబులేసు దిగి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, భుజంతో నెట్టుకుంటూ ఆత్మకూరు పొలిమేరలోని మెకానిక్ కాశీంవలి షెడ్డుకు చేర్చాడు.

కాశీంవలికి ప్రాణం లేచొచ్చింది. ఆ షెడ్డుకు బండి వచ్చి ఎన్నాళ్లయిందో! భార్య పోయాక ఆయన మాట్లాడితే వినే మనిషి కూడా లేడు.

"రాప్పా, రా! డీజిలు బండే! ఇంకా బతికే ఉందా ఇది?"

"బతికుంది గాబట్టే పట్టుకునింది ఆ కంబం," అన్నాడు ఓబులేసు.

రోడ్డు పొడవునా పాతిన ఆ గాలికాపరులు దారిన పోయే ప్రతి బండినీ వాసన చూస్తాయి. పొగ ఎక్కడైనా కారుతుంటే ఇంజను ఆపేసి, ఊరి పేరుతో సహా యజమానికి కబురు పంపుతాయి. యజమాని తన ఫోనులో 'చూశాను' అని నొక్కితేనే బండి మళ్లీ లేస్తుంది. శుభ్రంగా పోయే బండి ఎవరిదో, ఎటు పోతోందో అవి పట్టించుకోవు. మనుషుల వెంట పడకూడదని చట్టం అలా పెట్టారు. గాలి బాగుపడింది, కాదనడానికి లేదు. కాశీంవలి దగ్గు కూడా తగ్గింది. దాంతోపాటు తిండీ తగ్గింది, అది వేరే సంగతి.

"ఇంజను లేస్తే గానీ కారేది యాడో తెలీదు. యజమాని ఎవరు?"

"మా అక్క. నొక్కుతాదిలే."

ఇద్దరూ చెరో స్టూలు లాక్కొని కూర్చున్నారు. కాశీంవలి మూడు మాటలడిగితే ఓబులేసు ఒక్కదానికి బదులిచ్చాడు. అతని కళ్లు బండి లోపలి చిన్న తెర మీదే ఉన్నాయి. కాసేపటికి తెర వెలిగింది. 'యజమాని చూశారు.' ఓబులేసు మొహం విప్పారింది. అంత చిన్న మాటకు అంత సంతోషమేమిటో కాశీంవలికి అర్థం కాలేదు.

ఆయన పొగగొట్టం కొసకు తడిగుడ్డ కుక్కి, ఇంజను నడిపించి, అతుకుల మీద సబ్బునీళ్లు పూశాడు. ఇంజను పక్కనే ఉన్న అతుకు దగ్గర బుడగలు లేచాయి.

"ఇదిగో, దొంగ ఈడుండాడు! అతుకు మధ్య గ్యాస్కెట్ రేకు కాలిపోయింది. ఈ సందులో బయటిగాలి దూరి సెన్సారును కూడా ఏమారుస్తా ఉంది. పొగజల్లెడ నిండా మసి. అన్నీ చేసేస్తా, దిగులు పడొద్దు."

ఓబులేసు తల గోక్కున్నాడు.

"అన్నా... అన్నీ చెయ్యి. ఆ సందు మాత్రం సన్నగా వదిలెయ్యి."

"ఏమయ్యా, నెత్తి పనిచేస్తా ఉందా నీకు? వచ్చే నెల నుంచి 'చూశాను' చెల్లదు. కారిందంటే నేరుగా తుక్కుకే. తెలీదా?"

"తెలుసు."

మరింకేం అన్నట్టు చూశాడు కాశీంవలి. ఓబులేసు చెప్పలేక చెప్పలేక చెప్పాడు. వాళ్లమ్మ పోయినప్పుడు అతను మట్టి వేసే వేళకు అందలేదు. బండి దారిలో చెడిపోయింది. మరునాడు చేరితే అక్క సుంకమ్మ గడపలోనే నిలబెట్టి, నీ మొహం నాకు చూపించొద్దు అంది. అతను అట్నుంచి అటే వచ్చేశాడు. ఫోను కూడా మానేశాడు. అమ్మ పేరున ఉన్న ఈ బండి అక్క పేరుకు మారిందని మొదటిసారి పొగకు పట్టుబడిన రోజు తెలిసింది.

"నొక్కదనుకున్న్యా. నొక్కింది. ప్రతిసారీ నొక్కుతా ఉంది. నాకు మిగిలిన పలకరింపు అదొక్కటేనన్నా."

"పోయి కాళ్లు పట్టుకోరాదా?"

"వద్దన్నాక యా మొహంతో పోయేది?"

 కాశీంవలి మాత్రం చెయ్యగలిగిందేముంది? సందు వదిలితే బండి పోతుంది, బండి పోతే ఇతని కూడు పోతుంది. ఆ మాటే చెప్పాడు. ఓబులేసు బండిని ఒకసారి నిమిరి, "మూసెయ్యి," అన్నాడు.

తుప్పుపట్టిన బోల్టులకు నూనె పోసి, కాచి, ఒక్కోదాన్నీ బతిమాలినట్టు ఊడదీశాడు కాశీంవలి. రేకు కత్తిరించి గ్యాస్కెట్ వేశాడు. సెన్సారు మార్చి, పొగజల్లెడ కడిగి బిగించాడు. ఈసారి సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగ లేవలేదు. చేసిన పని చూసుకొని, పాపం, మురిసిపోయాడు కూడా.

గాలికాపరి కింద బండి అటూ ఇటూ తిరిగింది. తెర మీద 'కాపలా ముగిసింది' అని వచ్చి ఆరిపోయింది. ఓబులేసు చీకటి తెరనే చూస్తూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత చెయ్యెత్తి దండం పెట్టి, శ్రీశైలం ఘాటు రోడ్డు వైపు పోయాడు.

టీ పెట్టుకుందామని కాశీంవలి స్టవ్ వెలిగించాడో లేదో ఫోను మోగింది. ఆడమనిషి.

"కాశీంవలి షెడ్డేనా? కాపలా ముగిసిందని మీ పేరు, నంబరుతో నాకు కబురొచ్చింది. బండి తుక్కయిపోయిందా అన్నా? అందులో నా తమ్ముడుండాల. ఉండాడా?"

"సుంకమ్మవా తల్లీ? నిక్షేపంగా ఉండాడు! బండి బాగైంది, అంతే."

అవతల ఏడుపు కట్ట తెంచుకుంది. ఆమె మాట్లాడగలిగేదాకా కాశీంవలి ఆగాడు.

"కబురొచ్చినప్పుడల్లా ఊరి పేరు చదివేదాన్ని. ఈపొద్దు నంద్యాల్లో అన్నం తినింటాడు, ఈపొద్దు డోన్‌లో పండుకుంటాడు అనుకునేదాన్ని. రాడు. పిలుద్దామంటే ఫోను లేదు. ఇందాక నొక్కినాక, ఇంకొక్కసారి పట్టుబడితే ఆ ఊరికే పోదామని సంచి సర్దుకోని పెట్టుకున్న్యా. ఆడనే నిలబెట్టన్నా, నేనొస్తా ఉండా."

"పోయినాడమ్మా."

"యాడికి?"

"ఘాటు దిక్కు. ఆ తర్వాత నాకెరుక లేదు."

"కంబాలు చెప్తాయిగా?"

"ఇంక చెప్పవు తల్లీ. పొగ రాదు."

 సుంకమ్మ నిష్ఠూరం లేకుండా, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"అంత బాగా ఎందుకు చేసినావన్నా?"

 కాశీంవలి స్టవ్ ఆర్పేసి, ఫోను చెవికి పెట్టుకొనే గడపలో కూర్చున్నాడు. ఆమె పెట్టెయ్యలేదు. ఆయనా పెట్టెయ్యలేదు.