మణికట్టు దగ్గరి తీగ

మీటరు కూయలేదు. హైమవతి ఎర్ర సూదిని మోచేతి మొదట్లో, నల్ల సూదిని వేళ్ల దగ్గర మరోసారి ఆనించి చూసింది. ఊహూఁ. బల్ల మీద వెల్లకిలా పడుకున్న యంత్రపు కుడిచేయి బొటనవేలు ఒక్కటే కాస్త వణికి ఆగిపోయింది.

"ఇది ఎన్నోసారి పిన్నీ?" అని అడిగింది, జవాబు తెలిసే.

"మూడోసారమ్మా." బల్లకి అవతల కూర్చున్న నూకరత్నం మోచేతి దగ్గరే ఆగిపోయిన తన కుడిచేతిని కొంగు చాటున సర్దుకుంది. "మొగుడితో గొడవపడి కూడా నేనిన్నిసార్లు పుట్టింటికెళ్ళలేదు. దీని మూలాన మీ గడప అరిగిపోతంది."

హైమ నవ్వబోయేలోగా బల్ల పైన గోడకున్న పెట్టెలోంచి పర్యవేక్షిణి యంత్రపు గొంతుతో పలికింది. "అరువు చేయి నాలుగు వందల పన్నెండు. మూడో వైఫల్యం. రెండు పాత నమోదులు: వాడుక దోషం. ఇది కూడా వాడుక దోషమైతే చేయి వరుసలో తరువాతి వారికి చెందుతుంది. ధ్రువీకరించండి."

నూకరత్నం ముఖంలో నవ్వు పోయింది. "అంటే తీసేసుకుంటారా?"

"ముందు విప్పి చూడనీ," అంది హైమ, ఎవరితోనన్నది తేల్చకుండా.

మణికట్టు మూత కింద రెండు తీగలు పక్కపక్కనే చక్కగా కూర్చుని ఉన్నాయి. ఒంటితీగలు. ఒకే రాగి కడ్డీ, పైన పసుపు తొడుగు. ఎలా వంచితే అలా నిలబడతాయి, బిగించిన చోట కదలవు, కలిపేటప్పుడు చిక్కుపడవు. కదలని మోచేతి పెట్టెలో అయితే అలాంటిదే ఉండాలి. హైమ తొడుగు మీద గోరుతో నొక్కుకుంటూ వచ్చింది. కీలు దగ్గర తీగ మెత్తగా జారింది. పైకి గీత కూడా లేదు, లోపల రాగి రెండు ముక్కలు. రెండో తీగా అంతే.

పాత వైఫల్యాలలోనూ ఇక్కడే తెగింది. రెండుసార్లూ ఆమె కొత్త ఒంటితీగే వేసి పంపింది. పర్యవేక్షిణి తెరిచే సొరుగు అదే ఇచ్చింది మరి.

"పోగులతీగ ఇవ్వు," అంది.

"అనుమతి లేదు. చలనపట్టిక ప్రకారం పూతరేకుల పనిలో మణికట్టు స్థిరకీలు. స్థిరకీలుకు ఒంటితీగ."

"స్థిరమా!" నూకరత్నం చెయ్యి లేని వైపు భుజం ఎగరేసింది. "గుడ్డ పిండిలో ముంచి, కాలతన్న కుండ మీద పరిచి, అట్టే లాగెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే రేకు కాదు, అట్టు. రోజుకి మూడొందలు తీత్తాను. ముప్ఫయ్యేళ్ళ అలవాటు. మణికట్టు ఊరుకుంటే పనెలా అవుద్ది? ఆ పట్టిక ఎవత్తి చేసిందో గానీ, జన్మలో పొయ్యి దగ్గర కూర్చోలేదు."

హైమ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

తొమ్మిదేళ్ళ క్రితం, ఏ పనికి చేయి ఎలా కదులుతుందో చూసి ఆ పట్టిక రాస్తున్నప్పుడు అవయవశాలలో అందరికన్నా కొత్తది తనే. నమూనా చేయి కావాలంటే ముందుకొచ్చింది. గులాబీరంగు పట్టుచీర కట్టుకుని, గాజులు తీసేసి, చేతినిండా కదలికలు పట్టే గ్రాహకాలు అతికించుకుని కూర్చుంది. నమోదుగదిలో నిప్పు నిషిద్ధం కనుక కుండ చల్లగా ఉంది. చల్లని కుండ మీద తడిగుడ్డ పరిచి, పెళ్ళి వీడియోలో తాంబూలం అందుకుంటున్నంత నెమ్మదిగా, ముచ్చటగా లాగింది. చేయి ఎంత నిలకడగా ఉందో అని వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకి చాన్నాళ్ళు గుర్తుంది. అత్తగారి పక్కన కూర్చుని తను కూడా ఎన్ని వందల రేకులు తీసిందో, అప్పుడు మణికట్టు ఎలా ఎగిరేదో మాత్రం ఆ రోజు గుర్తుకు రాలేదు.

"పిన్నీ," అంది, "ఆ పట్టికలో చేయి నాదే."

నూకరత్నం ఆమె ముఖంలోకి చూసింది. "నీకు రేకు తియ్యడం వచ్చు కదే?"

"వచ్చు. అందుకే సిగ్గుగా ఉంది."

హైమ మీటరు నుంచి రెండు సూదుల తీగలూ ఊడబీకింది. రోజంతా ఆమె చేతుల్లో మెలితిరిగే తీగలు. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు, వంద పైనే. ఎన్ని వంపులు తిప్పినా ఆ ఒత్తిడిని పంచుకుంటాయి. కత్తెర తీసింది.

"పని ముట్టును ధ్వంసం చేస్తున్నారు," అంది పర్యవేక్షిణి.

"చేస్తున్నాను."

కొసల్లోని పోగుల్ని పురిపెట్టి, సోల్డరు కొసకే అంటేలా జాగ్రత్తపడింది. అది లోపలికి పాకితే పోగులన్నీ ఒకటై మళ్ళీ ఒంటితీగే అవుతుంది. కీలు దగ్గర చిన్న వంపు వదులుగా వదిలి, మూత బిగించి, చేయిని నూకరత్నానికి తొడిగింది. మణికట్టు అటూ ఇటూ తిరిగింది. నూకరత్నం బల్ల మీది తుడుపుగుడ్డ లాక్కుని ఒక్క విదిలింపు విదిలించింది. హైమ ముఖానికి గాలి తగిలింది.

"వైఫల్య కారణం ధ్రువీకరించండి."

తెర మీద మూడు గళ్ళు. వాడుక దోషం. తీగ దోషం. మూడోది, పట్టిక దోషం, ఇంతవరకు ఎవరూ నొక్కనిది. నమూనా చేయి తనది కనుక, నొక్కితే తన పనిపత్రం విచారణకి వెళుతుంది. ఇంట్లో అందరి తిండీ ఆ పత్రం మీదే నడుస్తోంది. ఒక్క క్షణం తీగ దోషం మీద వేలు పెట్టింది. అది నొక్కితే ఈ చేయి దక్కుతుంది, తన పనీ దక్కుతుంది. రేపు మరో మనిషి చేతిలో తీగ తెగుతుంది.

మూడో గడి నొక్కింది.

పదకొండు బల్లల సొరుగులకీ ఒకేసారి తాళాలు పడ్డాయి. పనివాళ్ళు తలలెత్తారు.

"ఆ నమూనా చేయి ఆధారంగా తీసుకున్న నిర్ణయాలు నాలుగు వేల మూడు వందల ఆరు. అన్నీ నిలిపివేశాను," అంది పర్యవేక్షిణి. "ఆ చేతితో నమోదైన కదలికలు నూట ఎనభై. వాటిలో నమ్మదగినవి ఎన్ని?"

హైమ ఆలోచించింది. బిందె ఎత్తడం, పిల్లకి జడ వేయడం, రోలు తిప్పడం. అన్నీ ఆ చీరలోనే. "ఒక్కటీ లేదు."

"సరైన కదలికను ఇప్పుడే నమోదు చేయండి. నమూనా కుండ సిద్ధంగా ఉంది."

"చల్లకుండ నాకొద్దు," అంది నూకరత్నం లేస్తూ. "పొయ్యి వెలిగించమను."

"ఈ భవనంలో నిప్పు నిషిద్ధం."

"అయితే మా ఇంటికి రమ్మను. ఇది కాళ్ళు లేనిది కదా, నువ్వు ఎత్తుకురా హైమా."

హైమ గోడకి ఉన్న నమోదుపెట్టె, పర్యవేక్షిణి పలికే ఆ పెట్టె, మరలు విప్పడం మొదలుపెట్టింది. పర్యవేక్షిణి వద్దనలేదు. పెట్టె ఆమె చేతుల్లోకి వచ్చాక మాత్రం, ఎప్పుడూ ఆజ్ఞలే పలికే ఆ గొంతు అడిగింది.

"కుండ ఎంత వేడిగా ఉండాలి?"